పెలాజియస్, ఆగస్టీన్: ఫ్రీ విల్, పాపం, కృప మీద అసలు గొడవ ఏంటి

క్రీ.శ. 405 ప్రాంతంలో రోమ్‌లో ఒక బిషప్, ఉత్తర ఆఫ్రికాలో హిప్పో ఊరి బిషప్ ఆగస్టీన్ తన బతుకు గురించి రాసిన కన్ఫెషన్స్ పుస్తకంలోంచి ఒక మాట ఎత్తి చెప్పాడు. "నువ్వు ఆజ్ఞాపించేది ముందు నువ్వే నాకివ్వు, ఆ తర్వాత నీకిష్టమైంది ఆజ్ఞాపించు" అని దేవుడితో చేసే ప్రార్థన అది. అక్కడే ఉన్న పెలాజియస్ ఆ మాట తట్టుకోలేకపోయాడు, చెప్పినాయనతో దాదాపు గొడవకి దిగాడు. ఈ సంగతి రాసిపెట్టింది ఆగస్టీనే, చాలా ఏళ్ళ తర్వాత, తన చివరి రోజుల్లో. భక్తిగా చేసిన ఒక ప్రార్థన మీద ఇంకో భక్తిపరుడికి అంత కోపం ఎందుకొచ్చిందో పట్టుకుంటే, ఆ తర్వాత 125 ఏళ్ళు పడమటి చర్చిని కుదిపేసిన వాదన సగం అర్థమైపోతుంది.

మన దగ్గర బైబిల్ స్టడీల్లో ఈ టాపిక్ వచ్చిందంటే పెలాజియస్‌ని "కృప అక్కర్లేదన్నవాడు" అనీ, ఆగస్టీన్‌ని "అంతా దేవుడే చేసేస్తాడు, మనిషి చేసేదేం లేదన్నవాడు" అనీ ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఇద్దరూ అలా అనలేదు. నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, చర్చి పెలాజియస్‌ని కాదన్నది నిజమే, కానీ ఆగస్టీన్ చెప్పిందంతా కూడా చర్చి ఏ రోజూ పూర్తిగా మింగలేదు, సగం తీసుకుని సగం పక్కన పెట్టింది, ఆ పక్కన పెట్టిన సగం దగ్గరే మనం ఇప్పటికీ కొట్టుకుంటున్నాం.

ముందు పెలాజియస్ వైపు నుంచి చూద్దాం, ఎందుకంటే ఆయన మాట సరిగ్గా వినిపించేవాళ్ళు తక్కువ. ఆయన బ్రిటన్ నుంచి వచ్చినవాడు. ఫాదరూ కాదు, బిషప్పూ కాదు, సన్యాసిలా నిష్ఠగా బతికే ఒక మామూలు విశ్వాసి, రోమ్‌లో పెద్దింటివాళ్ళకి ఆత్మీయ విషయాల్లో గురువు. ఆయన రోమ్‌లో ఉన్న రోజులు ఎలాంటివంటే, 380లో థియోడోసియస్ చక్రవర్తి క్రైస్తవ్యాన్ని రాజ్యం మతంగా చేసేశాక బాప్తిస్మం తీసుకుంటే పోయేదేం లేదు, ఒక వందేళ్ళ కిందటిదాకా విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన చోట ఇప్పుడు పేరుకి క్రైస్తవులు గుంపులుగా తయారయ్యారు, బతుకు మాత్రం పాత బతుకే. ఎందుకిలా ఉన్నారని అడిగితే "మేం మనుషులం, బలహీనులం, శరీరం కదా, ఏం చేస్తాం" అనే జవాబు. పెలాజియస్‌కి ఒళ్ళు మండింది ఈ జవాబు మీద. అందుకే "నువ్వే ఇవ్వు, తర్వాత ఆజ్ఞాపించు" అన్న ప్రార్థన వినగానే, ఇంకేముంది, సోమరులందరికీ ఒక బిషప్పే సాకు రాసిచ్చాడు అనిపించింది ఆయనకి.

ఆయన ఆలోచన దగ్గరగా చూడాలంటే డెమెట్రియాస్ అనే అమ్మాయికి ఆయన రాసిన ఉత్తరం చూడాలి. ఈ అమ్మాయి రోమ్‌లో అనీకీ వంశం పిల్ల, అంటే అప్పట్లో అంతకంటే గొప్పిల్లు లేదు. 410లో గోతుల రాజు అలారిక్ సేనలు రోమ్‌ని దోచుకున్నాక వాళ్ళ నాయనమ్మ, అమ్మ, ఈ పిల్ల ఆఫ్రికాకి పారిపోయి వచ్చారు. 413లో పెళ్ళి ఏర్పాట్లు జరుగుతుండగా ఆ పిల్ల, నేను పెళ్ళి చేసుకోను, కన్యగా దేవుడికే అంకితమవుతాను అంది. అది ఆ రోజుల్లో ఎంత పెద్ద వార్త అంటే బెత్లెహేములో ఉన్న బైబిల్ పండితుడు జెరోమ్ దగ్గర్నుంచి ఒక పెద్ద ఉత్తరం వచ్చింది, పెలాజియస్ దగ్గర్నుంచి ఇంకోటి వచ్చింది. పెలాజియస్ ఏమంటాడంటే, నేను ఎవరికైనా మంచి బతుకు గురించి చెప్పాలంటే ముందు మనిషి స్వభావంలో ఎంత శక్తి ఉందో చూపిస్తాను, ఎందుకంటే చేయగలనన్న ఆశ లేనివాడు ఆ దారిలో అడుగే వేయడు. "కష్టం, మావల్ల కాదు" అని మనం దేవుడి ముందు మొరపెట్టుకుంటే దానర్థం ఏంటి, తను చేసిన మనిషి ఎంత మోయగలడో దేవుడికి తెలియదనీ, తను ఏం ఆజ్ఞాపించాడో కూడా ఆయనకి తెలియదనీ కదా మనం అంటున్నది? న్యాయవంతుడైన దేవుడు చేతకాని పని చెప్పి, చేయలేదని శిక్షిస్తాడా?

ఈ వాదనలో బలం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. ద్వితీయోపదేశకాండంలో మోషే జీవాన్నీ మరణాన్నీ ముందుపెట్టి జీవాన్ని కోరుకోండి అంటాడు. యెహెజ్కేలు 18లో తండ్రి దోషం కొడుకు మొయ్యడు అని ఉంది. యేసుప్రభువు "మీ పరలోకపు తండ్రి పరిపూర్ణుడు గనుక మీరును పరిపూర్ణులుగా ఉండెదరు" అన్నాడు. ఇవన్నీ పెలాజియస్ పక్షాన నిలబడే మాటలే. ఇంకో సంగతి, ఆయన కృప అనే మాటని కాదనలేదు. మంచి చేయగలిగే శక్తితో మనిషిని పుట్టించడం కృప, ధర్మశాస్త్రం ఇవ్వడం కృప, క్రీస్తు బోధ, క్రీస్తు మాదిరి కృప, బాప్తిస్మంలో పాత పాపాలు క్షమించడం కృప అన్నాడు. ఆయన లెక్కలో మూడు ఉన్నాయి: చేయగలగడం, చేయాలనుకోవడం, చేయడం. మొదటిది దేవుడు పెట్టింది, మిగతా రెండూ మనవి. చెడు అలవాటు చిన్నప్పట్నుంచీ పేరుకుపోయి స్వభావంలా మారి మనల్ని పట్టుకుంటుందని కూడా ఆయనే ఆ ఉత్తరంలో రాశాడు. కాబట్టి మనిషి బలహీనత తెలియని అమాయకుడేం కాదు, కాకపోతే ఆ అలవాటుని మళ్ళీ మన పట్టుదలతోనే తెంచుకోవచ్చని నమ్మాడు.

పైగా ఇదేదో ఆయన కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. రెండో శతాబ్దంలో జస్టిన్, ఐరేనియస్, మూడో శతాబ్దంలో ఓరిగెన్, వీళ్ళందరూ మనిషికి స్వేచ్ఛ ఉందని గట్టిగా చెప్పినవాళ్ళే. వాళ్ళ ముందున్న ప్రత్యర్థులు వేరు. నక్షత్రాలే తలరాత రాస్తాయనేవాళ్ళు కొందరు, కొంతమంది పుట్టుకతోనే రక్షణ పొందే రకం, కొంతమంది పుట్టుకతోనే నాశనానికి పుట్టిన రకం అనే గ్నాస్టిక్కులు కొందరు. వాళ్ళకి జవాబుగా చర్చి మొదటి మూడు వందల ఏళ్ళూ "లేదు, మనిషే ఎంచుకుంటాడు, అందుకే తీర్పు న్యాయం" అని చెప్తూ వచ్చింది. ఆగస్టీన్ కూడా మొదట్లో అదే చెప్పాడు. మానికీయులు అనే గుంపు, చెడు అనేది ఇంకో చీకటి శక్తి మనలో చేసే పని అని బోధించేవాళ్ళు, ఆగస్టీన్ కుర్రతనంలో తొమ్మిదేళ్ళ పాటు వాళ్ళతోనే ఉన్నాడు, బయటికొచ్చాక వాళ్ళ మీద ఫ్రీ విల్ గురించి ఒక పుస్తకమే రాశాడు. తర్వాత పెలాజియస్ తన రచనలో ఆ పుస్తకంలోంచి మాటలు తీసి, చూడండి ఆగస్టీన్ కూడా నా మాటే అన్నాడు అని చూపించాడు. ఆగస్టీన్ దానికి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

మరి ఆగస్టీన్ ఎక్కడ మారాడు? చాలామంది పెలాజియస్ మీద కోపంతో మారాడనుకుంటారు, తేదీలు చూస్తే అది కుదరదు. పెలాజియస్ పేరు గొడవలోకి రావడానికి 15 ఏళ్ళ ముందే, 396 ప్రాంతంలో, బిషప్ అయిన కొత్తలో, మిలాన్‌లో ఉండే సింప్లీసియన్ అనే పెద్దాయన రోమా పత్రిక మీద కొన్ని ప్రశ్నలు అడిగితే, తొమ్మిదో అధ్యాయంలో యాకోబు, ఏశావు అనే కవలల మాట దగ్గర ఆగస్టీన్ ఇరుక్కుపోయాడు. పిల్లలింకా పుట్టలేదు, మేలైనా కీడైనా చేయలేదు, అయినా దేవుడు ఒకణ్ణి ఎన్నుకున్నాడు. వాడు ముందు ముందు నమ్ముతాడని తెలిసి ఎన్నుకున్నాడా? అలాగైతే నమ్మడం అనే మంచి పని మనదై, ఎన్నిక దానికి జీతం అవుతుంది కదా. అక్కడ ఆయన్ని పట్టుకున్న వచనం మొదటి కొరింథీ 4:7, "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అన్నది. విశ్వాసం కూడా పొందిందే అయితే గొప్పలు చెప్పుకోవడానికి ఏం మిగలదు. ముసలితనంలో, 427లో, తన పుస్తకాలన్నీ మళ్ళీ చదువుకుంటూ ఆ రచన గురించి ఆయన రాసుకున్న మాట ఇది: మనిషి స్వేచ్ఛ కోసం గట్టిగానే పోరాడాను, కానీ దేవుని కృపే గెలిచింది.

దీని వెనక ఆయన బతుకు కూడా ఉంది. పదహారేళ్ళప్పుడు ఫ్రెండ్స్‌తో కలిసి పక్కింటి తోటలో బేరిపళ్ళు దొంగిలించాడు, ఆకలేసి కాదు, ఆ పళ్ళు బాగుండీ కాదు, చాలావరకు పందులకి పడేశారు. చేయకూడదు కాబట్టి చేయడంలో ఒక రుచి, అంతే. తర్వాత మిలాన్‌లో, 386లో, దేవుడి వైపు తిరగాలని తెలుసు, తిరగాలనే ఉంది, అయినా కాలు కదలదు. "నాకు పవిత్రతనివ్వు, కానీ ఇప్పుడే వద్దు" అని ప్రార్థించిన కుర్రాడు ఆయనే. ఆ రోజుల గురించి రాస్తూ తనని కట్టేసింది బయటి ఇనప గొలుసు కాదు, తన ఇష్టమే అంటాడు: చెడిన ఇష్టంలోంచి కోరిక పుట్టింది, కోరికకి లొంగితే అలవాటైంది, అలవాటుని ఎదిరించకపోతే అది తప్పించుకోలేని అవసరమైపోయింది. మందు మానేయాలని రోజూ పొద్దున ఒట్టేసుకుని సాయంత్రానికి తడబడే మనిషిని ఇంట్లో చూసినవాళ్ళకి ఈ వాక్యం విడమరిచి చెప్పక్కర్లేదు. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అని రోమా 7లో పౌలు అన్నది కూడా ఇదే.

కాబట్టి తేడా ఎక్కడుందంటే, మనిషికి ఎంచుకునే శక్తి ఉందా లేదా అన్న దగ్గర లేదు. ఇద్దరూ ఉందనే అన్నారు. ఆ శక్తి ఆరోగ్యంగా ఉందా, జబ్బు పడిందా అన్నదే తేడా. పెలాజియస్ దృష్టిలో అది ఆరోగ్యంగానే ఉంది, బద్ధకించింది, గట్టిగా తట్టి లేపాలి. ఆగస్టీన్ దృష్టిలో కాలు విరిగింది, విరిగిన కాలితో ఉన్నవాణ్ణి నడవరా నడవరా అని అరిస్తే వాడికి సిగ్గు మిగులుతుందే తప్ప నడక రాదు. అందుకే ఆజ్ఞ ఎందుకిచ్చాడంటే కృపని వెతుక్కోవడానికి, కృప ఎందుకిచ్చాడంటే ఆజ్ఞ నెరవేర్చడానికి అంటాడు ఆయన. ఆదాముకి పాపం చేయకుండా ఉండగలిగే స్వేచ్ఛ ఉండేది, పడిపోయాక మనిషి పాపం చేయకుండా ఉండలేని స్థితికి వచ్చాడు, పరలోకంలో పాపం చేయనేలేని స్వేచ్ఛ వస్తుంది, అదే అన్నిటికంటే పెద్ద స్వేచ్ఛ. కృప మన ఇష్టాన్ని పక్కకి నెట్టేయదు, మంచి మీద మనకి ప్రేమ పుట్టిస్తుంది, అప్పుడు మనం మనస్ఫూర్తిగా, మన ఇష్టంతోనే చేస్తాం.

డెమెట్రియాస్ ఉత్తరం ఆగస్టీన్ చేతికి వచ్చినప్పుడు ఆయన వేలు పెట్టి చూపించిన చోటు చూడండి. పెలాజియస్ ఆ పిల్లతో ఇలా అంటాడు: నీ ఆస్తి, నీ వంశం వేరేవాళ్ళ నుంచి వచ్చాయి, కానీ ఆత్మీయ సంపద నీకు నువ్వు తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు, అది నీ నుంచీ నీలోనూ తప్ప ఉండదు. ఆగస్టీన్, తన ఫ్రెండ్ అలీపియస్‌తో కలిసి, ఆ పిల్ల తల్లి జూలియానాకి రాశాడు: నీలో ఉంటుంది అన్నంతవరకు మంచి భోజనం, నీ నుంచి వస్తుంది అన్నది విషం. నా ఉద్దేశంలో మొత్తం వివాదంలో ఇంతకంటే పదునైన చోటు లేదు. పద్నాలుగేళ్ళ పిల్లకి "ఇదంతా నీ గొప్పే" అని చెప్పడం ఆ రోజుకి ప్రోత్సాహంలా ఉంటుంది, కానీ ఆ పిల్ల ఒకరోజు తప్పు చేస్తే అదే మాట, తప్పంతా నీదే, ఇంక నీకు సాయం చేసేవాళ్ళెవరూ లేరు అని తిరగబడుతుంది. స్వేచ్ఛ గురించి అంత అందంగా మాట్లాడిన పెలాజియస్ బోధ పడిపోయినవాడి మీద ఎంత బరువు పెడుతుందో ఇక్కడ తెలుస్తుంది.

ఇంతవరకు నేను ఆగస్టీన్ పక్షమే. ఇక్కణ్ణుంచి చిక్కు మొదలవుతుంది, అది పసిపిల్లల దగ్గర.

పెలాజియస్ శిష్యుడు కెలెస్టియస్ లాయరు, గురువంత జాగ్రత్తగా మాట్లాడే రకం కాదు. రోమ్ పడిపోయాక వీళ్ళిద్దరూ ఆఫ్రికా చేరారు. పెలాజియస్ పాలస్తీనాకి వెళ్ళిపోయాడు, కెలెస్టియస్ కార్తేజ్‌లో ఉండిపోయి ప్రీస్ట్ పదవికి అప్లై చేసుకున్నాడు. అప్పుడు పౌలినస్ అనే డీకన్ ఆయన మీద ఫిర్యాదు పెట్టాడు, ఆదాము పాపం ఆదామునే చెడగొట్టింది తప్ప మానవజాతిని కాదనీ, పుట్టిన పిల్లలు పడిపోకముందు ఆదాము ఎలా ఉన్నాడో అలాగే ఉంటారనీ ఇతను చెప్తున్నాడని. 411 ప్రాంతంలో కార్తేజ్‌లో విచారణ జరిగి ఆయన్ని వెలివేశారు. అక్కడ ఆఫ్రికా వాళ్ళ ప్రశ్న సూటిగా ఉంది: మనం పసిపిల్లలకి బాప్తిస్మం ఇస్తున్నాం, బాప్తిస్మం పాపక్షమాపణ కోసం అని విశ్వాస ప్రమాణంలో చెప్పుకుంటున్నాం, పిల్లలు సొంతంగా ఏ పాపమూ చేయలేదు, మరి ఏ పాపం క్షమించబడుతోంది? మూడో శతాబ్దంలోనే కార్తేజ్ బిషప్ సిప్రియన్, పసివాడికి క్షమించబడేది సొంత పాపం కాదు, వేరేవాళ్ళ పాపం అని రాసి ఉన్నాడు. ఆగస్టీన్ దాన్ని పట్టుకుని పూర్తి సిద్ధాంతం కట్టాడు. అందరం ఆదాములో ఉన్నాం, ఆ దోషంతోనే పుడుతున్నాం, జన్మపాపం అని మనం ఇప్పుడు అంటున్నది అదే.

ఇక్కడ రోమా 5:12 మాట చెప్పకుండా కుదరదు. ఆగస్టీన్‌కి గ్రీకు అంత బాగా రాదు, ఆయన చదివిన లాటిన్ బైబిల్లో ఆ వచనం చివర "ఆయనలో అందరూ పాపం చేశారు" అన్న అర్థం వచ్చేలా ఉంది. గ్రీకులో ఉన్నది "అందరూ పాపం చేశారు కాబట్టి" అన్న అర్థానికే దగ్గర, మన తెలుగు బైబిల్లో కూడా "మనుష్యులందరు పాపము చేసినందున" అనే ఉంటుంది. అలాగని ఈ ఒక్క మాట మీదే జన్మపాపం సిద్ధాంతం మొత్తం నిలబడిందనుకోవడం సరికాదు. "పాపములోనే నా తల్లి నన్ను గర్భమున ధరించెను" అనే 51వ కీర్తన ఉంది, చర్చి పాత ఆచారం ఉంది, ఆయన సొంత అనుభవం ఉంది. కానీ గ్రీకు మాట్లాడే తూర్పు చర్చిలు ఆదాము నుంచి మనకి చావు, బలహీనత వచ్చాయని ఒప్పుకున్నా, ఆదాము చేసిన నేరం కూడా మన లెక్కలో పడిందన్న మాటకి ఎందుకు అంతగా తల ఊపలేదో దీన్ని బట్టి కొంత తెలుస్తుంది.

తర్వాత జరిగిన పాలిటిక్స్ పెద్ద కథ, క్లుప్తంగా చెప్తాను. 415 డిసెంబర్లో పాలస్తీనాలో డియోస్పోలిస్ అనే ఊళ్ళో 14 మంది బిషప్పులు కూర్చుని పెలాజియస్‌ని విచారించి నిర్దోషి అని వదిలేశారు. ఆఫ్రికా బిషప్పులు ఊరుకోలేదు, 416లో రెండు చోట్ల సభలు పెట్టి రోమ్‌కి రాశారు, పోప్ ఇన్నోసెంట్ 417 జనవరిలో పెలాజియస్‌ని తప్పుపట్టి మార్చిలో చనిపోయాడు. తర్వాత వచ్చిన పోప్ జోసిమస్ కేసు మళ్ళీ తెరిచి, వీళ్ళు మంచివాళ్ళే, మీరే తొందరపడ్డారు అని ఆఫ్రికా వాళ్ళని మందలించాడు. ఆఫ్రికా వాళ్ళు ఈసారి రావెన్నాలో ఉన్న చక్రవర్తి హొనోరియస్ దగ్గర పని కానిచ్చారు, 418 ఏప్రిల్ 30న ఇద్దర్నీ రోమ్ నుంచి బహిష్కరిస్తూ ఆర్డర్ వచ్చింది, మర్నాడే, మే 1న, కార్తేజ్‌లో రెండు వందల మందికి పైగా బిషప్పులు చేరి పెలాజియస్ బోధని శపించారు, జోసిమస్ కూడా ఆ ఎండాకాలంలోనే మాట మార్చుకుని అందరూ సంతకం పెట్టాలని లెటర్ పంపాడు. ఒక దైవశాస్త్ర ప్రశ్నని రాజాజ్ఞతో తేల్చడం నాకు ఎన్నిసార్లు చదివినా మింగుడు పడదు. వాదనలో బలం ఉన్న పక్షానికి ఆ బలవంతం అక్కర్లేదు. పెలాజియస్ ఆ తర్వాత చరిత్రలోంచే కనుమరుగైపోయాడు. ఆయన రాసిన పౌలు పత్రికల వ్యాఖ్యానమూ, ఆ డెమెట్రియాస్ ఉత్తరమూ మాత్రం మనదాకా వచ్చాయి, ఎలాగంటే వందల ఏళ్ళు అవి జెరోమ్ రాసినవిగా చెలామణీ అయ్యాయి, పెలాజియస్‌ని గంజి తాగి బలిసిన బుర్ర అన్నట్టుగా తిట్టిపోసిన ఆ జెరోమ్ పేరు మీదే.

ఆ సంతకం పెట్టనన్న 18 మంది ఇటలీ బిషప్పుల్లో ఒకడు జూలియన్, ఎక్లానం బిషప్. ఇతను ఆగస్టీన్‌కి బాగా తెలిసిన కుటుంబంలో కుర్రాడు, ఇతని తండ్రి కూడా బిషప్పే, ఆగస్టీన్‌తో ఉత్తరాలు నడిపినవాడు. తెలివైనవాడు, పెళ్ళయినవాడు, భయపడనివాడు. ఇతను అడిగిన ప్రశ్నలు పెలాజియస్ కంటే గట్టివి. పెళ్ళిని దేవుడు పెట్టాడు, శరీరాన్ని దేవుడు చేశాడు, మరి భార్యాభర్తల కలయికలోని కోరిక ద్వారా పాపం పిల్లలకి పాకుతుందంటే పుట్టుకనే చెడ్డదంటున్నట్టు కాదా, నువ్వు మానికీయుల్ని వదిలావు కానీ వాళ్ళ ఆలోచన నిన్ను వదల్లేదు అన్నాడు. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిపిల్లల్ని శిక్షించే దేవుడా, అనాగరికులు కూడా ఊహించని అన్యాయం దేవుడికి అంటగడుతున్నావు అన్నాడు. తూర్పున అంత పేరున్న జాన్ క్రిసొస్టమ్ కూడా పిల్లలకి పాపాలు లేకపోయినా బాప్తిస్మం ఇస్తాం అన్నాడు కదా అని సాక్ష్యం తెచ్చాడు. ఆగస్టీన్ దానికి, ఆయన అన్నది సొంతంగా చేసిన పాపాల గురించి అని జవాబిచ్చాడు.

ఆగస్టీన్ మళ్ళీ మళ్ళీ తిరిగి వేసిన ఎదురు ప్రశ్న ఒకటుంది, అది తేలిగ్గా తీసేయలేం. దేవుడు న్యాయవంతుడని నువ్వూ అంటున్నావు, పిల్లల్లో ఏ దోషమూ లేదని నువ్వే అంటున్నావు, మరి పసిపిల్లలు రోగాలతో, గుడ్డితనంతో, నొప్పులతో ఎందుకు బాధపడుతున్నారు చెప్పు? జూలియన్ దగ్గర దీనికి తృప్తిపడే జవాబు లేదు. కానీ ఆగస్టీన్ దగ్గరున్న జవాబు ఇంకా కఠినం, పిల్లలకి అన్నిటికంటే తక్కువ శిక్షే పడుతుంది కానీ పడుతుంది అన్నాడు. పాపం లోతు గురించి అంత సత్యంగా రాసిన చేయి ఇక్కడ అదుపు తప్పిందనే నేను అనుకుంటాను, సిద్ధాంతం నిలబడటం కోసం బిడ్డని వదిలేశాడు. కాథలిక్ చర్చి కూడా ఈ విషయంలో ఆయనతో ఆగలేదు. మధ్యయుగంలో బాధ లేని చోటు ఒకటుందన్నారు, 2007లో వాటికన్ అంతర్జాతీయ దైవశాస్త్ర కమిషన్ అయితే, బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిపిల్లలు రక్షణ పొందుతారని ఆశపడటానికి బలమైన కారణాలున్నాయని డాక్యుమెంట్ విడుదల చేసింది. కడుపుకోత అనుభవించిన తల్లికి చెప్పగలిగే మాట అది.

ఆగస్టీన్ చివరి ఏళ్ళలో గొడవ శత్రువుల దగ్గర్నుంచి కాదు, సొంత మనుషుల దగ్గర్నుంచి వచ్చింది. ఇప్పటి ట్యునీషియాలో హద్రుమెటమ్ అనే ఊళ్ళో ఒక మఠం ఉండేది. అక్కడి ఫ్లోరస్ అనే సన్యాసి ప్రయాణంలో ఉండగా ఆగస్టీన్ ఉత్తరం ఒకటి కనబడితే కాపీ చేసి మఠానికి పంపాడు. అందులో ఉన్నది చదివి మఠం రెండు ముక్కలైంది. కొందరి వాదన ఎలా ఉందంటే: మంచి చేయాలన్న ఇష్టం కూడా దేవుడే ఇస్తాడు, మేం సరిగ్గా లేమంటే ఆయనింకా ఇవ్వలేదన్నమాట, కాబట్టి పెద్దలు ఏం చేయాలో చెప్పండి, మాకోసం ప్రార్థన చేయండి, తప్పు చేస్తే మమ్మల్ని తిట్టడం మాత్రం ఎందుకు? అంటే రోమ్‌లో పెలాజియస్ దేనికి భయపడ్డాడో సరిగ్గా అదే ఆగస్టీన్ సొంత ప్రాంతంలో, నిష్ఠగా బతికే సన్యాసుల మధ్య మొలిచింది. ఆగస్టీన్ వాళ్ళని కసురుకోలేదు, 426, 427 ప్రాంతంలో రెండు పుస్తకాలు రాసి పంపాడు. ఆయన జవాబు సారాంశం ఏంటంటే, నీ తప్పు నీదే, ఎందుకంటే చేసింది నువ్వే, నీ ఇష్టంతోనే. ఎవరైనా గద్దిస్తే ఆ గద్దింపులోని నొప్పిని కూడా దేవుడు వాడుకుని నీలో ప్రార్థన పుట్టించవచ్చు. కృప అంటే మందలింపు, బోధ, ప్రయత్నం అన్నీ పక్కన పెట్టడం కాదు, వాటి లోపల్నుంచి పనిచేసేదే కృప.

ఆ సమాధానం బాగుంది. కానీ ఆ పుస్తకాల్లోనే ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు: చివరిదాకా నిలబడే వరం దేవుడు ఎంచుకున్న కొందరికే ఇస్తాడు, ఆ లెక్క పెరగదు, తరగదు. కొందరికే ఎందుకు అంటే ఆయన పౌలు మాటే ఎత్తుతాడు, "ఆహా, దేవుని బుద్ధి జ్ఞానముల బాహుళ్యము ఎంతో గంభీరము" అని. అందరూ శిక్షకి తగినవాళ్ళే, కొందర్ని కనికరించాడు, మిగిలినవాళ్ళకి అన్యాయమేం జరగలేదు అంటాడు. 430 ఆగస్టు 28న వాండల్ సైన్యం హిప్పో ఊరిని చుట్టుముట్టి ఉండగా ఆయన కన్నుమూశాడు, జూలియన్‌కి రాస్తున్న జవాబు సగంలోనే ఆగిపోయింది.

ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న సన్యాసులు ఈ ముందే నిర్ణయించడం అనే మాట దగ్గర ఆగిపోయారు. వాళ్ళు పెలాజియస్ మనుషులు కాదు, జన్మపాపం ఒప్పుకున్నారు, కృప కావాలన్నారు. మార్సెయ్‌లో ఉన్న జాన్ కాసియన్ ఏమన్నాడంటే, దేవుడా మనిషా, ఎవరు ముందు మొదలుపెట్టారన్నది ఒకే రూలుతో చెప్పలేం. పౌలు ప్రభువుని వెతకలేదు, దమస్కు దారిలో ప్రభువే పట్టుకున్నాడు, సుంకం మెట్టు దగ్గర కూర్చున్న మత్తయినీ అలాగే పిలిచాడు. కానీ జక్కయ్య తనంతట తనే మేడిచెట్టు ఎక్కాడు, సిలువ మీది దొంగ తనే అడిగాడు. సువార్తలు చదివేవాడికి ఈ మాట ఎంత సహజంగా అనిపిస్తుందో చూడండి. కానీ ఆగస్టీన్ వైపువాళ్ళు, అక్విటైన్‌కి చెందిన ప్రాస్పర్ లాంటివాళ్ళు, దీన్ని వదల్లేదు, జక్కయ్య చెట్టెక్కాలన్న కోరికైనా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. కాసియన్ లాంటివాళ్ళని ఇప్పుడు సెమీ పెలాజియన్లు అంటున్నారు, ఆ పేరు వాళ్ళు పోయిన వెయ్యేళ్ళకి పెట్టింది, సెమీ ఆగస్టీనియన్లు అన్నా అంతే చెల్లుతుంది.

ఈ గొడవ ఒక కొలిక్కి వచ్చింది 529 జూలై 3న, ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ అనే ఊళ్ళో. గవర్నర్ లిబేరియస్ కట్టించిన చర్చి ప్రతిష్ఠకి వచ్చిన 14 మంది బిషప్పులు, ఆర్ల్ బిషప్ సిజేరియస్ నాయకత్వంలో 25 తీర్మానాలు చేశారు, 531లో పోప్ రెండో బోనిఫేస్ వాటికి ఆమోదం పంపాడు. కృప మన పనిలో సాయం మాత్రమే కాదు, నమ్మాలన్న మొదటి కోరిక, ప్రార్థించాలన్న మొదటి మూలుగు కూడా దేవుని వరమే అన్నారు. అక్కడ ఆగస్టీన్ గెలిచాడు. అదే కాగితం చివర్లో, బాప్తిస్మం పొందినవాళ్ళందరూ క్రీస్తు సాయంతో, ఇష్టపడి నమ్మకంగా ప్రయాసపడితే రక్షణకి కావలసింది చేయగలరు, చేయాలి అన్నారు, దేవుడు కొందర్ని చెడుకి ముందే నిర్ణయించాడనేవాడు ఎవడైనా ఉంటే వాడు శాపగ్రస్తుడు అన్నారు. కృపని కాదనడం మనిషికి సాధ్యమా కాదా అన్న దగ్గర, ఎన్నిక లెక్క దగ్గర, ఆగస్టీన్ మాటని తిరగరాయలేదు, మౌనంగా దాటేశారు. మధ్యయుగంలో కొన్ని వందల ఏళ్ళు ఈ తీర్మానాలే దాదాపు మరుగున పడిపోయాయి.

ఆ దాటేసిన చోటే 16వ శతాబ్దంలో మళ్ళీ పగిలింది. లూథర్ ఆగస్టీన్ పేరున్న సన్యాసుల సంఘంవాడు, 1525లో ఫ్రీ విల్‌ని సమర్థించిన ఎరాస్మస్ అనే పండితుడి మీద రాసినప్పుడు ఆగస్టీన్ కంటే ఘాటుగానే రాశాడు. కాల్విన్ పేజీ పేజీకీ ఆగస్టీన్‌నే సాక్ష్యం పిలిచాడు. తర్వాత మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ, కృప ముందు రావాల్సిందే కానీ అది అందరికీ వస్తుంది అని ఇంకో దారి తీశాడు. మన తెలుగు సంఘాలకి ఇవన్నీ ఆ మిషన్ల వెంటే వచ్చాయి. 1842లో హేయర్ అనే మిషనరీ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘాల్లో పసిబిడ్డకి బాప్తిస్మం ఇస్తారు, ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళు జ్ఞానస్నానం అంటారు, జన్మపాపం పోవడానికని పిల్లలకి చెప్పే ఉపదేశంలోనే ఉంటుంది. 1878లో కరువు తర్వాత ఒంగోలు బాప్టిస్టు మిషన్‌వాళ్ళు గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి నిమజ్జన బాప్తిస్మం ఇచ్చారు, అక్కడ నోటితో ఒప్పుకోలేని పసివాళ్ళకి ఇవ్వరు, చంటిబిడ్డని ప్రార్థన చేసి ప్రతిష్ఠిస్తారంతే. ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, ఒకే కుటుంబంలో అత్తగారింట్లో ఒకలా, పుట్టింట్లో ఒకలా జరిగే ఈ తేడా వెనక కార్తేజ్‌లో కెలెస్టియస్‌ని అడిగిన ప్రశ్న ఉంది. బాప్టిస్టులు ఆగస్టీన్ వేసిన మెలికలోంచి ఎలా బయటపడ్డారంటే, పసిపిల్లల బాప్తిస్మాన్నే ఒప్పుకోలేదు, కాబట్టి ఏ పాపం క్షమించడానికి అన్న ప్రశ్నే వాళ్ళకి పుట్టదు. అయినా వాళ్ళలో చాలామంది మనిషి పాపస్వభావంతోనే పుడతాడని నమ్ముతారు.

ఈ మధ్య మన యూత్‌లో కాల్వినిస్టు (ఎవరు రక్షణ పొందాలో దేవుడే ముందే ఎన్నుకున్నాడనేవాడు), ఆర్మీనియన్ (కృపని మనిషి కాదనగలడనేవాడు) అంటూ వాదించుకోవడం బాగా పెరిగింది, ఎదుటివాడు మన ప్రయత్నం గురించి ఒక్క మాట ఎత్తితే చాలు "నువ్వు పెలాజియన్" అనేస్తున్నారు. ఆ ముద్ర వేసేముందు ఎదుటివాణ్ణి ఒక్కటి అడగాలి: నీ విశ్వాసంలో మొట్టమొదటి అడుగు దేవుని కృప లేకుండా నువ్వే వేశావంటావా? లేదు, ఆయనే ముందు కదిలించాడు, నేను కాదనకుండా లోబడ్డాను అని అతను అంటే, ఆరెంజ్‌లో సంతకం పెట్టిన ఆ 14 మంది బిషప్పుల్లో అతన్ని బయటికి పంపేవాడు ఒక్కడు కూడా ఉండడు.